ఒత్తుల్లేని చదువు

“రాష్ట్రంలో మూతపడ్డ బడి అనే మాటే ఇక వినపడదు! నేటి నుంచి ప్రతి ఇల్లూ బడే, ప్రతి తల్లీ హెడ్‌మాస్టరే!” అని విద్యాశాఖ మంత్రి కిరీటి గారు కంకిపాడు సెంటర్లో ప్రకటించారు. ఆ మైకు నాదే.

కృపానందం సౌండ్స్ అంటే ఇక్కడి నుంచి పామర్రు దాకా తెలియనివాళ్లు లేరు. పెళ్లికీ, చావుకీ, సువార్త కూటానికీ, మంత్రిగారికీ నా పెట్టెలే కావాలి. పోయిన మీటింగులో మైకు కీచుమని కూసి, మంత్రిగారు నలుగురిలో అభాసుపాలయ్యారు. అందుకే ఈసారి ఆయన పక్కనే నిలబడి ప్రతి మాటా విన్నాను. విని తరించాను.

పథకం పేరు ‘గృహ అభ్యాసం’. పిల్లలకు ఇంట్లోనే ఎలా చదువు చెప్పాలో కూడా ఆయనే విడమరిచారు.

“పొద్దున్నే స్టీలు పళ్లెం మీద గరిటెతో కొట్టండి, అదే ఫస్ట్ బెల్లు. పప్పులో రాళ్లు ఏరిస్తే లెక్కలు. కుక్కర్ విజిలేస్తే సైన్సు. పక్కింటావిడతో పోట్లాడితే సోషల్. ఒక్కటే గుర్తుపెట్టుకోండమ్మా, పిల్లల మీద ఒత్తిడి పెట్టొద్దు!”

జనం చప్పట్లు కొట్టారు. నేను ఎకో పెంచాను.

మా ఊరి బడికి పిల్లలు తక్కువయ్యారని పోయిన వేసవిలో తాళం వేశారు. ఉన్న ఒక్క హెలెన్ టీచర్నీ పామర్రు బదిలీ చేశారు. పక్కూరి బడికి వెళ్లాలంటే బందరు రోడ్డు దాటాలి. ఆ రోడ్డు మీద పోయే లారీలకు చిన్నపిల్లలు కంటికి ఆనరు. అందుకే జాకెట్లు కుట్టుకుని బతికే సయీదా తన కూతురు ఇల్మాను అక్కడికి పంపలేదు. ఇల్మా గుణింతాలు పూర్తిచేసింది. సరిగ్గా ఒత్తులు మొదలుపెట్టేటప్పటికి బడి మూతపడింది. పలక మీద ‘అమ్మ’ అని రాసి చూపిస్తే ‘అమ’ అని చదువుతుంది.

సయీదా జనాన్ని తోసుకుంటూ స్టేజి ముందుకొచ్చింది.

“అయ్యా, మా పాపకి ఒత్తులు రావండీ!”

“వెరీ గుడ్! నేను చెప్పేదీ అదేగా. ఒత్తిడి లేని చదువు!”

“అది కాదండీ. నేర్పుదామంటే నాకే చదువు రాదు. వేలిముద్రండీ నేను.”

“ఇంకేం! తల్లీకూతుళ్లిద్దరిదీ ఒకే క్లాసు. ఎంత ముచ్చటగా ఉంటుందో!”

ఇంత క్లిష్టమైన సమస్యను నిలబడ్డపళంగా తేల్చేసిన మనిషిని నేనింకెక్కడా చూడలేదు.

నెల తిరక్కుండా మండల విద్యాధికారి ఎలీషా గారు ఇళ్ల తనిఖీకి వచ్చారు. సయీదా పళ్లెం వాయించింది. ఇల్మా ఒక్కతే లైను కట్టి ప్రతిజ్ఞ చెప్పింది.

“స్ట్రెంత్ ఎంతమ్మా?” అన్నారు ఎలీషా గారు.

“ఇదిగోండి, ఇదొక్కతే.”

“రూల్ ఒప్పుకోదే! పదిమంది లేని బడి నడపకూడదు. ఈ ఇంటిని విలీనం చేస్తున్నాం.”

“ఇంటినా? దేంట్లోనండీ?”

“పక్కింట్లో.”

పక్కింట్లో ఇద్దరే పిల్లలు. దాన్ని ఆ పక్కింట్లో కలిపారు. అలా వీధులన్నీ ఒకదాంట్లో ఒకటి కలిసిపోయి, చివరికి అంతమంది పిల్లలు పట్టే ఇల్లే ఊళ్లో లేకపోయింది. ఎలీషా గారు ఎండలో తిరిగి తిరిగి, బెంచీలూ నల్లబల్లా ఇత్తడి గంటా ఉన్న ఖాళీ ఇల్లొకటి కనిపెట్టారు. అది తాళం వేసిన మా బడే. ఆ చూపు అందరికీ ఉండదు లెండి.

పిల్లలంతా ఒకచోట చేరారని సయీదా పొంగిపోయింది. అది మూణ్ణాళ్ల ముచ్చటే అయింది. ఒక ఇంటికి ఒక తల్లి చాలు, మిగతావాళ్లు సర్‌ప్లస్ అని ఆర్డరు వచ్చింది. సీనియారిటీ ప్రకారం ఊళ్లో అందరికన్నా ముందు తల్లయిన ముసలావిణ్ణి ఉంచారు. పాపం, ఆవిడకు చూపు ఆనదు. సయీదాకు ఇబ్రహీంపట్నం పోస్టింగు పడింది.

“అక్కడ నేనేం చెయ్యాలండీ?”

“తల్లి లేని ఇల్లొకటి వేకెంట్ ఉందమ్మా. అభ్యంతరం ఉంటే చెప్పుకో. స్పౌజ్ కోటా ఉందా?” అన్నారు ఎలీషా గారు.

“మా ఆయన ఇక్కడే ఆటో తోలతాడండీ.”

“గవర్నమెంటు ఆటోనా?”

“కాదండీ.”

“అయితే లేదు.”

“నా పిల్లని వదిలేసి ఎవరి పిల్లలకో తల్లినవ్వాలా? మీ ఆర్డరు తీస్కెళ్లి కాలవలో కలపండి!” అంది సయీదా. పెద్దల ముందు ఎలా మాట్లాడాలో ఆవిడకు తెలియదు.

ఆ కలిపిన ఇంటి ప్రారంభోత్సవానికి మంత్రిగారే వచ్చారు. రిబ్బను కత్తిరించి లోపలికి చూసి, “ఇల్లంటే ఇలా ఉండాలి!” అన్నారు. సయీదా వచ్చి ఆయన కారుకీ స్టేజికీ మధ్య నిలబడింది.

“అయ్యా, గదులున్నాయి, పిల్లలున్నారు. హెలెన్ టీచర్ని వెనక్కి పంపండయ్యా, చాలు. నా పిల్ల నాలాగా వేలిముద్ర కాకూడదు.”

నేను మైకు మంత్రిగారి చేతికిచ్చాను.

“పిచ్చిదానా! టీచరొస్తే ఇది బడి అయిపోదూ?” అన్నారు మంత్రిగారు ప్రేమగా. “బడైతే మూసేసిన బడి. పిల్లల్ని గుమ్మం తొక్కనివ్వకూడదు. ఇల్లు కాబట్టి బతికిపోయారు!”

టీవీ వాళ్లు కెమెరాలు ఎత్తారు. మంత్రిగారు ఇల్మాను దగ్గరికి లాక్కుని, గుమ్మం మీద పథకం పేరు రాసిన కొత్త బోర్డు చూపించి, నా మైకు దాని నోటి దగ్గర పెట్టారు.

“ఏం రాసుందో చదువు తల్లీ.”

ఇల్మా ఒక్కో అక్షరం కూడబలుక్కుంది.

“గృ... హ... అ... భా... సం. గృహ అభాసం!”

“శభాష్! చూశారా, ఎక్కడా ఒత్తిడి లేదు!” అన్నారు మంత్రిగారు. “మళ్లీ చదువు, ఊరంతా వినపడాలి!”

నేను ఎకో పెంచాను.