పురుగుమందు పక్కసీట్లో పెళ్లి లడ్డూ

పురుగుమందునూ తినే వస్తువులనూ ఒకే బండిలో కలిపి పంపకూడదని ఒక రూల్ ఉందండీ. ఆ రూల్ రాసినవాళ్లకు పెళ్లి కాలేదని నా గట్టి అనుమానం. పెళ్లయినవాళ్లెవరైనా, గుణాలు కలవని ఇద్దరిని పక్కపక్కన కూర్చోబెట్టొద్దని రాస్తారా?

నాకు పెళ్లయి నెల కూడా కాలేదు. అయినా ధైర్యంగా చెబుతున్నాను: విషమూ తిండీ కలిసి ప్రయాణం చేయడంలో ఉన్నంత మేలు మరెందులోనూ లేదు! కోప్పడకండి. నేను బీఎస్సీ కెమిస్ట్రీ చదివాను కాబట్టి ఈ విషయంలో నా మాటకు విలువుంటుంది. (ఏ విషయంలోనైనా ఉంటుందని మా ఆయన అంటారు. ఆయన చాలా మంచివారు.)

మొదటి మేలు డీజిల్. వరిచేనుకు మందు, చెరువుకు మేత, కిరాణా కొట్టుకు కందిపప్పు, బడి పిల్లలకు బిస్కెట్లు అన్నీ ఒక్క బండిలో వచ్చేస్తుంటే ఇంకో మూడు బండ్లెందుకు? పర్యావరణం మీద ఇంత ప్రేమ ఉన్నవాళ్ల మీదా మీ రూల్సు?

ఇక సెక్యూరిటీ! మందు వాసన కొట్టే బిస్కెట్ ప్యాకెట్‌ను ఎలుక ముట్టదు. చీమ ముట్టదు. దారిలో ఎక్కే డ్రైవరుగారి స్నేహితులు ముట్టరు. ఏ సీసీ కెమెరా ఇంత కాపలా కాస్తుంది చెప్పండి? కొన్నవాళ్లు కూడా ముట్టరంటారా? మరి ఒళ్లు తగ్గాలని జిమ్ములకు వెళ్లడమెందుకు?

అన్నిటికంటే గొప్పది సమానత్వం. రైల్లో ఏసీ వేరు, స్లీపర్ వేరు, జనరల్ వేరు అంటూ మనుషులే విడివిడిగా కూర్చుంటున్న రోజులివి. అలాంటప్పుడు కందిపప్పు మూట మీద ఎలుకలమందు పెట్టె తల వాల్చి నిద్రపోతుంటే చూడ్డానికి ఎంత ముచ్చటగా ఉంటుంది! నాకైతే కళ్లు చెమర్చాయి. అది ముచ్చటో, మందు ఘాటో ఇప్పటికీ తేల్చుకోలేకపోతున్నాను.

ఊరికే కబుర్లు చెబుతున్నానని అనుకోకండి. ఇది నా సొంత సారె మీద జరిగిన ప్రయోగం.

మా పుట్టిల్లు తాడేపల్లిగూడెం, అందరి నోటా ఉత్త గూడెం. అత్తవారిది కొల్లేటి గట్టున ఊరు. మా ఆయన చరణ్‌తేజకు అక్కడ చేపల చెరువులున్నాయి. మా అమ్మ బూందీ లడ్డూలు, కాజాలు, మైసూర్‌పాక్ చేయించి సారె పంపింది. సారె వచ్చిందంటే వీధిలో ప్రతి ఇంటికీ పంచాలి. ప్రతి ఇల్లూ నోట్లో వేసుకుని మార్కులు వేస్తుంది. ఆ మార్కులు స్వీటుకనుకున్నారా? కోడలి పుట్టింటికండీ! లడ్డూ గట్టిగా ఉంటే ఆ ఇంటివాళ్ల మనసు గట్టిది. నెయ్యి తగ్గితే చెయ్యి చిన్నది. వారం రోజులుగా అమ్మ ఫోన్లో ఒకటే పాట: "అందరూ తిని ఏమన్నారో దాచకుండా చెప్పాలే దుర్గా!"

సారె తెచ్చే బాధ్యత హెన్రీది. హెన్రీ మినీవ్యాన్ గూడెంలో బయల్దేరి, భీమడోలు మీదుగా, మా ఊరికి కావలసిన సమస్తమూ మోసుకొస్తుంది.

బండి వచ్చేసరికి వీధిలో ఆడవాళ్లంతా మా వాకిట్లో సిద్ధంగా ఉన్నారు. నేను పట్టుచీర సర్దుకుని, కొత్త మెట్టెలు అందరికీ కనబడేలా నిలబడ్డాను. వెనక తలుపు తీయగానే లడ్డూల వాసన కంటే ముందు ఇంకో వాసన కిందికి దిగింది.

లోపలి ఏర్పాటు చూడండి. అడుగున తవుడు బస్తాలు. అవి మా చెరువుల్లో చేపలకు మేత. వాటి మీద వరిచేలకు కొట్టే పురుగుమందు పెట్టెలు. ఆ పెట్టెల మీద, సింహాసనమెక్కిన రాణిగారిలా, మా అమ్మ పంపిన సారె బుట్టలు! బరువుకు ఒక పెట్టె నలిగింది. లోపలి డబ్బా మూత ఊడి మందు కారిపోయింది.

"ఏంటి హెన్రీ ఇది?" అన్నారు మా ఆయన.

"ఆయ్, కొత్త కోడలిగారి సారె కదండీ! బండి అడుగున ఎలా పెడతానండీ, కాళ్లు తగలవూ? అందుకే అన్నిటికంటే పైన పెట్టానండీ. పెట్టెలు కూడా కొత్తవేనండీ, దుమ్మన్నది లేదు."

"విషం మీద తిండి పెట్టకూడదని రూల్ ఉంది హెన్రీ" అన్నాను.

"మధ్యలో గోనెపట్టా వేశానండమ్మగారూ!"

అదిగో, గోనెపట్టా! చట్టానికీ మనకూ మధ్య ఎప్పుడూ ఉండేది అదేగా!

మా అత్తగారు అచ్చమ్మగారు ఒక లడ్డూ తీసి ముక్కు దగ్గర పెట్టుకున్నారు. "అమ్మాయీ, గూడెంలో కొత్త ఎసెన్సేమైనా వేస్తున్నారా?"

"ఎసెన్స్ కాదు అత్తయ్యగారూ, పురుగుమందు."

వాకిట్లో గుసగుసలు మొదలయ్యాయి. ఎదురింటి స్టెల్లాగారు మంచి మనసుతో సలహా ఇచ్చారు. "వాసనే కదండీ అచ్చమ్మగారూ! కాసేపు ఫ్యాను కింద పెడితే పోతుందేమో."

"అయితే ముందు నువ్వొకటి తిను."

"అయ్యో, నాకు షుగరండీ!"

అత్తగారు తీర్పు చెప్పేశారు. ఊరికి విషం పంచామన్న పేరు ఆవిడకు అక్కర్లేదట. దొడ్డి చివర లోతుగా గొయ్యి తీయించి, లడ్డూలూ కాజాలూ అన్నీ పాతిపెట్టించారు. కుక్కలు తవ్వకుండా పైన బండరాయి వేయించారు. నేను వలవల ఏడ్చాను. మా ఆయన జేబురుమాలు ఇచ్చారు. దానికి చేపల వాసన. ఆ ఏడుపులో కూడా ఎంత బాగుందో!

ఆడవాళ్లు మాత్రం కదల్లేదు. సారె చూడ్డానికి వచ్చినవాళ్లు ఉత్త చేతులతో వెళ్తే మా అమ్మ పేరేం కావాలి? మీరే చెప్పండి!

అప్పుడు వెలిగింది మా అత్తగారి బుర్ర. "ఒరే చరణూ, వల తియ్యి. ఇంటికో చేప పంచుదాం. కోడలి సారె అని చెబుదాం."

"చేపల సారేంటమ్మా, నవ్వుతారు!"

"కొల్లేట్లో చేప పంచితే నవ్వేదెవర్రా?"

ఎవరూ నవ్వలేదు! వల నిండా బొచ్చెలు, శీలావతులు. మా అత్తగారు ప్రతి చేపకూ బొట్టు పెట్టి మరీ పంచారు. బొట్టు నిలవలేదనుకోండి. అది వేరే విషయం. పొద్దు వాలేసరికి ఏ ఇంటి ముందు నిలబడినా పులుసు ఉడికే వాసనే. "గూడెం వాళ్లంటే గూడెం వాళ్లే! ఇలాంటి సారె ఎప్పుడైనా చూశామా?" అని స్టెల్లాగారు గిన్నె పట్టుకుని మరీ వచ్చి చెప్పారు. నూటికి నూరు మార్కులు! నేను గాల్లో తేలిపోతూ, మా ఆయనకు టీ పట్టుకుని చెరువు గట్టుకు వెళ్లాను.

గట్టు మీద హెన్రీ తవుడు బస్తాలు బండిలోంచి మేత పడవలోకి దించుతున్నాడు. చిల్లులు పెట్టిన సంచుల్లో తవుడు నింపి నీళ్లలో వేలాడదీస్తే చేపలు వచ్చి పీల్చుకు తింటాయని మా ఆయన నాకు ప్రేమగా వివరిస్తున్నారు. నాకేమో ఆ బస్తాల మీద తడి మరకలు కనబడుతున్నాయి. వాసన సంగతి చెప్పక్కర్లేదు.

"హెన్రీ, ఇదొక్కసారేనా? ఎప్పుడూ మందు పెట్టెలు తవుడు మీదేనా?"

"ఎప్పుడూ అంతేనండమ్మగారూ! తవుడు మెత్తగా ఉంటుంది కదండీ, డబ్బాలు పగలవు."

"మరి కారితే?"

"తవుడు పీల్చేసుకుంటుందండీ. బండికేం కాదు!"

నేను మా ఆయన వైపు తిరిగాను. "ఏవండీ, లడ్డూలకు వాసన తగిలిందనే కదా పాతిపెట్టాం? ఈ బస్తాలైతే మందు తాగేశాయి!"

"లడ్డూ మనం తినేది దుర్గా. ఇది చేపలు తినేది."

"మరి చేపల్ని?"

మా ఆయన టీ తాగడం ఆపేశారు. పులుసు వాసన వస్తున్న ఊరి వైపు చూశారు. తర్వాత తడిసిన బస్తాలన్నీ పడవలోంచి మళ్లీ గట్టు మీదికి ఈడ్పించారు. పెళ్లయి నెల కాలేదు కాబట్టి నా మాట కాదనలేకపోయారు. ఏడాది తర్వాత వచ్చే బస్తాల సంగతి నేను హామీ ఇవ్వలేను. చుట్టుపక్కల మిగతా చెరువులవాళ్లకు ఎప్పుడు పెళ్లయిందో కూడా నాకు తెలియదు.

కాబట్టి పాఠకులారా, నా వాదనలో మార్పేమీ లేదు. అన్నీ కలిపే పంపించండి. కాకపోతే లడ్డూ ఒట్టి అమాయకురాలు. ఎవరి పక్కన కూర్చుని వచ్చిందో మూత తీయగానే చెప్పేసింది. చేపకు అంత నోరు లేదు. మీరు బజార్లో మొప్పలెత్తి ఎంత పరీక్షగా చూసినా, తన మేత ఏ బండిలో, ఎవరి కింద పరుపై వచ్చిందో అది చెప్పదు.

మేమింకా చెరువు గట్టు మీద ఉండగానే ఫోన్ మోగింది. అమ్మ!

"సారె పంచారా? అందరూ తిన్నారా?"

"ఇంటింటా తిన్నారమ్మా."

"ఏమన్నారే? కొత్త నెయ్యి వేయించాను. వాసనేమైనా తేడా వచ్చిందన్నారా?"

"లేదమ్మా" అన్నాను. "ఏ వాసనా రాలేదన్నారు."