నువ్వులు ఏరిన మొహం

పుట్టినప్పటి మొహంతో వీధిలోకి రావడం మర్యాద కాదు. సియోల్‌లో పుట్టి పెరిగిన మనిషిగా, ఈ మాట పూర్తి బాధ్యతతో అంటున్నాను.

ముఖ్యంగా మాలాంటివాళ్ళు! మా ముక్కుల మీదా బుగ్గల మీదా నువ్వులు చల్లినట్టు గోధుమరంగు చుక్కలుంటాయి. మా అమ్మ నాకిచ్చింది, నేను నా కూతురు హేవన్‌కిచ్చాను. మా వంశంలో చేతులు మారిన ఆస్తి అదొక్కటే.

ఆ దరిద్రం వదిలించడానికి మా సబ్‌వే రైలు స్టేషన్ మెట్లెక్కగానే ఎన్ని క్లినిక్కులు! క్రీముతో వెలిసిపోయేట్టు చేసేవాళ్ళు, ఆసిడ్‌తో పొర ఊడదీసేవాళ్ళు, లేజర్‌తో కాల్చేవాళ్ళు. పిల్లకి జ్వరమొస్తే బస్సెక్కి పోవాలి. చుక్కొస్తే మాత్రం గుమ్మంలోనే వైద్యం! ఇంతకన్నా నాగరికత ఏం కావాలండీ?

యూనివర్సిటీ ప్రవేశపరీక్ష రాశాక హాల్‌టికెట్ చూపిస్తే లేజర్‌కి డిస్కౌంటు. అన్నేళ్ళు నిద్ర మానుకుని చదివినందుకు చేతికందిన మొదటి ఫలితం! హేవన్ మొహమంతా బుల్లి బుల్లి ప్లాస్టర్లతో ఇంటికొచ్చింది.

"నొప్పిగా ఉందా తల్లీ?"

"నవ్వించకమ్మా చాలు. ప్లాస్టర్లు ఊడిపోతాయి."

అవి ఊడాక, లిఫ్టులో పై ఫ్లోరావిడ మా ఇద్దర్నీ మార్చి మార్చి చూసింది. "ఎంత బాగుందండీ మీ అమ్మాయి! అసలు మీ పోలికే లేదు!" అంది. నేను థాంక్స్ చెప్పాను. ఇంకేం చెప్పను?

మే నెలలో తల్లిదండ్రుల రోజు వచ్చింది. హేవన్ నా చొక్కాకి కార్నేషన్ పువ్వు గుచ్చి, చేతిలో క్లినిక్ కూపన్ పెట్టింది. "కేఫ్‌లో కప్పులు కడిగి కొన్నానమ్మా, వద్దన్నావంటే ఊరుకోను." కన్నకూతురు అంత ప్రేమగా "నీ మొహం బాగుచేయించుకో" అంటే కాదనే తల్లుంటుందా? వెళ్ళి, వాళ్ళు ముందుగా నా మొహం ఫొటో తీసుకున్నాక, కాల్పించుకున్నాను. కోడి ఈకలు మాడిన వాసనొచ్చింది. నాగరికత వాసన అదే కాబోలు.

ఎండలు ముదిరేసరికి ఫ్యాషన్ తిరగబడింది! ఇప్పుడు నున్నటి మొహం పాతబడిపోయిందట. అమ్మాయిలంతా ముక్కు మీద పెన్సిల్‌తో చుక్కలు దిద్దుకుంటున్నారు. మా క్లినిక్ ఉన్న భవనంలోనే, పై అంతస్తులో చుక్కల పచ్చబొట్టు దుకాణం వెలిసింది. తీసేవాళ్ళు కింద, పెట్టేవాళ్ళు పైన!

హేవన్ గోధుమరంగు పెన్సిల్ పట్టుకుని నా ఎదురుగా కూచుంది.

"నేను పెట్టుకుంటే ఆటలమ్మ పోసినట్టుందమ్మా. మనవి అసలెక్కడెక్కడ ఉండేవి?"

నాకు గుర్తు రాలేదు. ఫోన్‌లో ఫొటోలు వెతికాం. అన్నిట్లోనూ అందం పేరుతో ఫోనే మా మొహాల మీది చుక్కలు తుడిచిపెట్టింది. గోడ మీద మా అమ్మ ఫొటో చూశాం. తను పోయాక అంత్యక్రియల్లో పెట్టడానికని ముందే తనే వెళ్ళి దిగిన ఫొటో అది. స్టూడియోవాడు ఒక్క చుక్క మిగల్చలేదు. అప్పుడేడుపొచ్చింది నాకు. మా అమ్మ మొహం ఎలా ఉండేదో చూపించే కాగితం ముక్క మా ఇంట్లో లేదు.

మా చుక్కలు ఒక్క చోట దొరికాయి. క్లినిక్ మెట్ల దగ్గర 'ముందు, తర్వాత' అని పెద్ద పోస్టరు వేశారు. 'ముందు' మొహానికి కళ్ళ మీద నల్లపట్టీ ఉంది. అందుకే అంటున్నాను, పాఠకులారా, క్లినిక్కుల్ని తిట్టకండి! మన అసలు మొహాల్ని ఇంత భద్రంగా దాచిపెట్టేవాళ్ళు ఇంకెవరున్నారు?

హేవన్ ఆ పోస్టరు కింద నిలబడి, చిన్న అద్దంలో చూసుకుంటూ ఒక్కో చుక్కా దిద్దుకుంటోంది.

"అది నేనేనని ఎలా తెలిసిందే? కళ్ళే కనబడట్లేదుగా!" అన్నాను.

"చుక్కలున్నాయిగా అమ్మా" అంది.