ఉతికిన గూటి గడ్డి

ఆ ఉదయం పరిశోధకుడు అనుకున్న పని చిన్నదే. ఆడపిట్టలు పొదిగిన గూటి గడ్డిని మగ కౌజుపిట్టలకు వాసన చూపించి, వాటి రక్తంలో హార్మోను పెరుగుతుందని ల్యాబ్ పెద్దసారుకు నిరూపించాలి. మెదడులో వాసన పట్టే భాగం తీసేసిన పిట్టల్లో అది పెరగకూడదు. నిరూపిస్తే ఉద్యోగం నిలుస్తుంది. జ్వరం తర్వాత తన ముక్కే పనిచేయడం లేదని తెలిస్తే ఊడుతుంది. గడ్డి ఘాటు చూసి సరేననాల్సింది అతనే మరి. ఆ సంగతి భార్యకు కూడా చెప్పలేదు.

భార్య ముక్కు మాత్రం దివ్యంగా ఉంది. ఫ్రిజ్‌లో పాల పక్కన అతను దాచిన గడ్డి కంపు భరించలేక, ముందురోజే దాన్ని సబ్బునీళ్లలో జాడించి, ఎండబెట్టి, మళ్లీ సంచిలో కుక్కింది.

"ఇప్పుడు వాసన చూడండి."

అతను సంచిలో తల దూర్చాడు. "అబ్బ, చంపేస్తోంది!"

"నా చేతి మహిమ," అందావిడ మురిసిపోతూ. వెటకారమనుకుని అతను చెప్పులేసుకున్నాడు.

ల్యాబ్‌లో పిట్టలు ఆ గడ్డి దగ్గర తుమ్మాయి. మధ్యాహ్నానికి రక్తపరీక్ష ఫలితం వచ్చింది. మెదడు కోసిన పిట్టల్లో హార్మోను పెరగలేదు. కోయనివాటిలోనూ పెరగలేదు.

"సార్, గడ్డి ఏదో తేడాగా..." అని నసిగింది సహాయకురాలు.

"గడ్డి గురించి నాకు చెప్తావా? పొద్దున్నే చూశాను. లోపం మెదళ్లలోనే ఉంది. తెరిచి చూద్దాం."

ఆరోగ్యంగా ఉన్న నాలుగు పిట్టల మెడలు విరిగాయి. మెదళ్లు చూస్తే ఏ వంకా లేదు. ఐదోదాన్ని అతను చేతిలోకి తీసుకుంటుండగా పెద్దసారు వచ్చాడు.

"ఇది ల్యాబా, చాకిరేవా? ఏమిటీ సబ్బు వాసన?"

"సబ్బా? గూటి వాసనండి సార్!"

పెద్దసారు ఫినాయిల్ సీసా మూత తీసి అతని ముక్కు కింద పెట్టాడు. "ఇదేమిటో చెప్పు."

అతను కళ్లు మూసుకుని దేవుడి మీద భారం వేశాడు. "గులాబీ... కదా సార్?"

ఇక ఉద్యోగానికి నీళ్లొదులుకోవడమే అనుకున్నాడు. పెద్దసారు మొహం మాత్రం వెలిగిపోయింది.

"కత్తి పెట్టకుండానే వాసన పోయినవాడు! వెతికినా దొరకడయ్యా. నీ ఉద్యోగం ఎక్కడికీ పోదు. రేపు పరగడుపున రా, నీ రక్తం తీయాలి."

పరీక్షలయ్యాక క్షేమంగా ఇంటికి పంపిస్తామని కూడా అన్నాడు. పిట్టలకు ఆపాటి మాట ఎవరూ ఇవ్వలేదు.