గంప కింద జాగ

"ఇయ్యాల నా మనసు మంచిగ లేదయ్యా. పోరడు బాయిల దిగినంక మీదికెళ్లి ఏమన్న కూలితే ఎట్ల?"

ఇంకా పొయ్యి రాజేయకముందే ఐలవ్వ ఈ మాట అంది. గోదావరిఖనిలో గడియారాలు తక్కువగా ఉండి, సైరన్ మోతను బట్టి అన్నం వండుకునే రోజులవి. ఆమె కొడుకు లింగమూర్తికి ఆ రోజే బొగ్గుబాయిలో మొదటి డ్యూటీ.

మంచం మీద బీడీ ముట్టిస్తున్న గట్టయ్య నవ్వాడు. "మొదలువెట్టినవా? గద్దను జూసిన కోడిపెట్ట లెక్క ఏందే ఆ లొల్లి? జర ఊకో, లేకుంటె నిన్ను గూడ గంప కింద కమ్ముత."

గంప వాకిట్లోనే ఉంది. దాని కింద ఐలవ్వ కోళ్లు కూడా ఏదో ఫికర్‌తో కొక్కొక్కోమంటున్నాయి.

ఎవరు భయపడినా ఆ భయానికో జంతువును కట్టేయడం గట్టయ్యకు అలవాటు. మేనేజరు ముందు నిలబడ్డ గుమాస్తా పిల్లి కంటబడ్డ ఎలుక. దవాఖానలో సూదిని చూసిన ఎల్లేశం బెదిరిన గొర్రె. ఇప్పుడు కొడుకు వంతు వచ్చింది. "నువ్వేందిరా, బోనాలకు తెచ్చిన మేకపోతు లెక్క బిక్కుబిక్కుమని చూస్తున్నవ్?" పదిహేనేళ్లుగా బాయిలో దిగుతున్న తనకు మాత్రం ఏ జంతువునూ కేటాయించుకోలేదు. "నాది బొగ్గు గుండె" అనేవాడు.

ఐలవ్వ ఆలోచన చిన్నదే. మూడింటికి కొడుకు పైకి రాగానే చెయ్యి పట్టుకొని బాయి మైసమ్మ దగ్గరికి తీసుకుపోవాలి, కొబ్బరికాయ కొట్టించాలి. గట్టయ్యది రెండో షిఫ్టు. అతని దారిన అతను డ్యూటీకి పోతాడు.

బాయిలో దిగే ప్రతివాడూ తన నంబరున్న ఇత్తడి బిళ్లను లాంపు రూములో ఇచ్చి లాంపు తీసుకునేవాడు. పైకొచ్చాక లాంపు ఇచ్చేసి బిళ్ల తీసుకునేవాడు. అక్కడి బోర్డు మీద బిళ్ల వేలాడుతోందంటే మనిషింకా భూమి కిందే ఉన్నట్టు. ఈ సంగతి ఆ ఊళ్లో పాలు తాగే పిల్లలకు కూడా తెలుసు. ఐలవ్వకూ తెలుసు. కానీ మూడింటికి లింగమూర్తి కిటికీలోంచి లాంపు లోపల పెట్టాడో లేదో, ఆమె వాడి మణికట్టు దొరకబుచ్చుకుంది. "బతికొచ్చినవా బిడ్డా! నడువ్, జల్ది నడువ్."

"అవ్వా, బిళ్ల..."

"బిళ్ల లేదు గిళ్ల లేదు. ముందుగాల మైసమ్మ."

కాసేపటికి గట్టయ్య వచ్చాడు. బోర్డు ఖాళీ. ఒక్క నాలుగు వందల పన్నెండు మాత్రం ఊగుతోంది. అది కొడుకు నంబరు.

"యిర్మియా! మా పోరడు ఇంక మీదికి రాలేదా?"

లాంపు రూము చూసుకునే యిర్మియా నింపాదిగా లేచాడు. "ఉండు గట్టన్న, వాని లాంపు వచ్చిందేమో జూసి చెప్త."

చూసి వెనక్కి తిరిగేసరికి కిటికీ దగ్గర మనిషి లేడు. గట్టయ్య బాయి నోటి దగ్గర అటు నాలుగడుగులు, ఇటు నాలుగడుగులు వేస్తూ అరుస్తున్నాడు. "నా కొడుకు లోపల్నే ఉన్నడు!" రెండో షిఫ్టు వాళ్లు టిఫిన్ డబ్బాలు కింద పెట్టేశారు. బాయి దగ్గర ‘ఒక మనిషి లోపల చిక్కాడు’ అన్న మాట క్యాంటీను చేరేసరికి అయిదుగురైంది, బజారు చేరేసరికి కప్పు మొత్తం కూలింది. వేళ కాని వేళ సైరన్ మోగింది. గట్టయ్య ఏటవాలు బాట వెంట లోపలికి ఉరికాడు. పదిహేనేళ్లలో మొదటిసారి లాంపు లేకుండా. నలుగురు లాంపులు అందుకొని అతని వెనక పరుగెత్తారు.

ఆ మోత మైసమ్మ దగ్గర ఐలవ్వ చెవిన పడింది. రెండో షిఫ్టు దిగే వేళ! "అయ్యో, మీ బాపు!" అంటూ కొడుకు చెయ్యి వదలకుండానే పరుగుపెట్టింది. గేటు దగ్గర కాలనీ ఆడవాళ్లంతా ఉన్నారు.

"ఎవలు చిక్కిండ్రక్కా?" నోట్లో కొబ్బరిముక్కతో అడిగాడు లింగమూర్తి.

"లింగమూర్తి అంట, తమ్మీ."

"ఏ లింగమూర్తి?"

"గట్టన్న కొడుకు. కొత్తగ చేరిండట పాపం."

లింగమూర్తి నమలడం ఆపేశాడు.

అప్పుడే యిర్మియా లాంపు ఎత్తి పట్టుకొని వచ్చాడు. "లాంపు వచ్చిందయ్యా! పోరడే బిళ్ల తీస్కపోలే! ఎప్పటిసంది మొత్తుకుంటున్న, వినేటోడు ఏడి?"

లోపలికి కబురు పోయింది. గట్టయ్య పైకొచ్చాడు. ఒక కాలికి చెప్పు లేదు. కొడుకును చూసి కొట్టడానికి చెయ్యెత్తాడు. ఎత్తిన చెయ్యి వాడి జుట్టులోని బొగ్గుపొడి దులిపింది. మేనేజరు అతన్ని కింది నుంచి పైదాకా చూసి, "ఇవాళ నీకు డ్యూటీ వద్దు, ఇంటికి పో" అన్నాడు.

ముగ్గురూ ఇంటిదారి పట్టారు. గేటు దాటగానే ఐలవ్వ అందుకుంది.

"ఏమయ్యా, నన్ను కోడిపెట్ట అన్నవ్, పోరన్ని మేకపోతు అన్నవ్. మరి నువ్వేంది?"

గట్టయ్య ఒంటి చెప్పుతో నడుస్తూనే ఉన్నాడు. బజారు దాటారు. నల్లా దాటారు. క్వార్టర్ల వరుస వచ్చింది. లింగమూర్తి నవ్వు ఆపుకోలేక ముందు నడిచాడు. పొద్దు గూకింది. ఐలవ్వ కోళ్లను పిలిచి, ఒక్కొక్కదాన్నీ గంప కిందికి తోస్తోంది. అరుగు మీద కూర్చున్న గట్టయ్య ఆ గంపనే చాలాసేపు చూశాడు.

"ఇంకొకదానికి జాగ ఉంటదా, ఐలవ్వా?" అన్నాడు.