ఒకే ఒక్క మధ్యవర్తి

ఆదివారం పొద్దున గంగప్ప పెట్టుకున్న పని ఒక్కటే: రాగులు మరకు తీసుకెళ్ళి పిండి పట్టించుకు రావడం. భార్య సుంకులమ్మ మూట తెచ్చి బండి మీద పెట్టింది. అతను కిక్ కొట్టబోతుండగా ఎదురింటి గదిలో మైకు మోగింది.

"హలో, హలో... పాత నిబంధన పోయింది, కొత్త నిబంధన వచ్చింది. మధ్యవర్తి ఒక్కడే. అర్హత లేకపోయినా రక్షణ. అందరికీ ఉచితం. హలో..."

గంగప్ప కాలు కిక్ మీదే ఆగిపోయింది. వల్లూరులో అతని శనక్కాయల చేను ఇప్పుడు సోలారు పలకల కింద ఉంది. కౌలు ఒప్పందం కుదిర్చిన బ్రోకరు మల్లేశప్ప, "నీ బిడ్డకి ప్లాంటులో పని ఇప్పించేది నా పూచీ" అని మాటిచ్చాడు. ఐటీఐ చదివిన కూతురు వినుత అప్పటి నుంచీ ఇంట్లోనే ఉంది.

"ఇన్నావా? సోలారోళ్ళు పాత కరారు తీసేసి కొత్తది చేస్తాండారు. కరారు పత్రం నిండా ఉండేది నిబంధనలే కదా!" అన్నాడు గంగప్ప. "రక్షణంటే సెక్యూరిటీ పని. అర్హత గూడా అడగరంట."

"అడక్కపోతే నేను చదివిన ఐటీఐ ఏం చేసుకోవాల నాయనా?" అంది వినుత.

"గమ్మునుండు. ఆ మైకులో మాట్లాడే ఆయప్పను చూసినా. తెల్లచొక్కా, చేతిలో బ్యాగు. ఆఫీసరు గాక ఇంగెవరు?"

ఆ తెల్లచొక్కా ఆసామి జీవరత్నం అనే పాస్టరు. పలకలు కడిగే పనికి వేరే ఊళ్ళ నుంచి వచ్చిన నాలుగైదు క్రైస్తవ కుటుంబాలకు తమ మతంలోని ముఖ్యమైన మాటల అర్థాలు చెప్పడానికి మడకశిర నుంచి వచ్చాడు. మైకు పనిచేస్తోందో లేదో చూసుకున్నాడు, అంతే.

గంగప్ప మాత్రం అనుమానాలు పెట్టుకునే మనిషి కాదు. వీధి చివరిదాకా నడుచుకుంటూ పోయి అందరికీ చెప్పి వచ్చాడు. పాఠం మొదలయ్యే వేళకు గది నిండి, జనం అరుగు మీద కూడా కూర్చున్నారు. కొందరు తమ పొలాల పత్రాలు, పహాణీలు కూడా తెచ్చుకున్నారు. పాస్టరుకు కళ్ళు చెమర్చాయి.

"విమోచన అంటే ఏమిటో ఎవరైనా చెప్తారా?" అని అడిగాడు.

గంగప్ప లేచి నిలబడ్డాడు. "కన్నడంలో బిడుగడే అంటారే, అదే సార్. చిక్కుకోనుండేదాన్ని ఇడిపించేది."

"ఎంత బాగా చెప్పారు! మరి కృప అంటే?"

"మనకి తగునా లేదా అని చూడకుండా ఇచ్చేది," అంది సుంకులమ్మ.

ఇన్నేళ్ళ సేవలో ఇంత తయారుగా ఉన్న జనాన్ని పాస్టరు చూడలేదు. అప్పటికే కబురు అందుకున్న మల్లేశప్ప, చెమట తుడుచుకుంటూ గుమ్మంలోకి వచ్చాడు. తన ఊళ్ళో, తనకు తెలియకుండా, ఇంకో మధ్యవర్తి!

"ఆ మధ్యవర్తి కమీషను ఎంత తీసుకుంటాడు సార్?" అని అడిగాడు.

"కమీషనా? ఏమీ తీసుకోడయ్యా. మన కోసం తన ప్రాణమే ఇచ్చాడు."

గదిలో ఉన్నవాళ్ళంతా తల తిప్పి మల్లేశప్ప వైపు చూశారు.

"ఇన్నావా మల్లేశప్పా?" అంది సుంకులమ్మ. "ఆయప్ప ప్రాణమిచ్చినాడంట. నువ్వు ఒక ఫోను చేసేకి ఇన్నేండ్లాయ."

ఇక ఉపేక్షిస్తే తన బతుకుదెరువే పోతుందని మల్లేశప్పకు అర్థమైంది. "ఎవరో వచ్చి చేసేదేందమ్మా? నేను లేనా?" అని ఫోను తీసి, అందరికీ వినబడేలా స్పీకరు పెట్టి, ప్లాంటు మేనేజరుకు కలిపాడు. ఐటీఐ చదివిన అమ్మాయి ఉందని చెప్పాడు.

"ఐటీఐ అమ్మాయా?" మేనేజరు గొంతు ఖంగుమంది. "కంట్రోల్ రూముకు మనిషి కావాలని ఎన్నిసార్లు అడిగానండీ! 'ఊళ్ళో చదివినవాళ్ళే లేరు, మా బామ్మర్దిని పెట్టుకోండి' అన్నది మీరే కదా?"

వినుత లేచి వచ్చి ఫోను అతని చేతిలోంచి తీసుకుంది.

"సార్, ఆ అమ్మాయిని నేనే. వినుత. రేపు పొద్దున సర్టిఫికెట్లు ఎత్తుకోని వస్తాను."

"తప్పకుండా రామ్మా."

ఏం జరిగిందో పాస్టరుకు అంతుపట్టలేదు. అయినా అందరి ముఖాల్లో సంతోషం చూసి ఉత్సాహం ఆపుకోలేకపోయాడు. "ఇప్పుడు ఆ మధ్యవర్తి పేరు చెప్పుకుందాం. యేసు ప్రభువు!"

గంగప్ప మళ్ళీ లేచి నిలబడ్డాడు. "ఆయప్ప సోలారు కంపెనీలో ఉండేది ఎప్పట్నుంచి సార్?"

ఇది సోలారు కరారు మాట కాదు, క్రైస్తవుల పాఠమని తేలడానికి కాసేపు పట్టింది. "ఫోను ఇట్లియ్యి పాపా, ఒక మాట చెప్పేది మరిచిపోతి," అని మల్లేశప్ప చెయ్యి చాచాడు. వినుత ఫోను ఇచ్చింది గానీ, ఊరంతా చుట్టూ నిలబడి చూస్తుంటే అతనికి నంబరు నొక్కే ధైర్యం రాలేదు.

గంగప్ప పాస్టరు దగ్గరికి వెళ్ళి చేతులు జోడించాడు. "ఏమనుకోవద్దు సార్. మీ మాటలకి మేం ఏందేందో అర్థాలు తీసుకుంటిమి."

పాస్టరు నవ్వాడు. "నేనడిగిన వాటికి మీరు చెప్పిన అర్థాల్లో ఒక్కటీ తప్పు లేదండీ." తర్వాత తన నాలుగైదు కుటుంబాల వైపు తిరిగి, "వచ్చే వారం పాఠం రెండో రాకడ. ఆయన మళ్ళీ వస్తాడు," అని ప్రకటించాడు.

గుమ్మం దగ్గర చెప్పులు వేసుకుంటున్న మల్లేశప్ప తల ఎత్తి, "ఈ ఊరికేనా సార్?" అని అడిగాడు.