మగవారి తలనొప్పిపై ఉన్నతస్థాయి సమీక్ష

దేశంలోని పురుషుల ఆరోగ్యం సురక్షితమైన చేతుల్లో ఉందని తెలియజేయడానికి సంతోషిస్తున్నాం. మగవారు మింగే గర్భనిరోధక మాత్రను పరిశీలించేందుకు నిపుణుల సంఘం మొన్న హైటెక్ సిటీలోని ఒక పెద్ద హోటల్లో సమావేశమైంది. అధ్యక్షులు సుబ్రహ్మణ్యం గారు. సభ్యులంతా మగవారే. విషయం మగవారిది కనుక తప్పు పట్టడానికేమీ లేదు. ఆడవారి మాత్రను పరిశీలించిందీ వీరేనన్నది వేరే సంగతి.

మాత్రను తయారు చేసింది నార్సింగిలోని ఓ చిన్న కంపెనీ శాస్త్రవేత్త ఉమాశ్రీ. ప్రయోగంలో దాన్ని మింగినవారిలో హేమంత్ ఒకడు. కడప నుంచి వచ్చి హఫీజ్‌పేట్‌లో స్థిరపడిన సాఫ్ట్‌వేర్ ఉద్యోగి. భార్య శిరీషకు ఆడవారి మాత్రలతో కాళ్లు వాస్తే, దవాఖానలో డాక్టరమ్మ ఇక మానేయమంది. అప్పుడు హేమంత్ తానే మింగుతానని ముందుకొచ్చాడు. ఆ త్యాగానికి అపార్ట్‌మెంట్‌వారు శాలువా కప్పారు.

అనుభవం చెప్పమన్నారు అధ్యక్షులు.

"బాగానే పనిచేస్తాంది సార్. అప్పుడప్పుడు రవ్వంత తలనొప్పి. ఊరికే చిరాకు," అన్నాడు హేమంత్.

సభ్యుల్లో ఒకరు కళ్లజోడు తీసి కళ్లు తుడుచుకున్నారు. మరొకరు మంచినీళ్లు అందించారు. ఇంటి యజమాని చిరాకుపడితే సంసారం ఏం కాను, గచ్చిబౌలి ఏం కాను, దేశ ఎగుమతులు ఏం కాను అని అధ్యక్షులు ఆవేదన వెలిబుచ్చారు.

ఆడవారి మాత్రతో తలనొప్పి, వాంతులు, అరుదుగా రక్తం గడ్డకట్టడం కూడా ఉన్నాయని, అయినా ఇదే సంఘం దాన్ని ఆమోదించిందని ఉమాశ్రీ లేచి గుర్తు చేసింది.

భర్తతో వచ్చి వెనక కుర్చీలో కూర్చున్న శిరీష మెల్లగా అంది: "నాకు ఏండ్ల కొద్ది గిట్లనే ఉండె సార్. నన్నెవరూ అడగలే."

"ఓర్పు ఆడవారికి దేవుడిచ్చిన వరమండి. అందులో ప్రభుత్వం జోక్యం చేసుకోకూడదు," అన్నారు అధ్యక్షులు ఎంతో గౌరవంగా. చప్పట్లు మోగాయి.

ఏ ఇబ్బందీ పెట్టని మాత్ర తయారయ్యేదాకా మగవారి మాత్రను నిలిపివేశారు. మహిళా సంక్షేమాన్ని విస్మరించకుండా, ఆడవారి మాత్రకు గులాబీ రంగు పెట్టె మంజూరు చేశారు.

బయటికొచ్చాక హేమంత్ మనసు తేలికపడింది. తేలికపడినందుకు కాస్త సిగ్గూ వేసింది. అయినా దారిలో మెడికల్ షాపు దగ్గర కారాపి, పాత మాత్రలే తెచ్చి భార్య చేతిలో పెట్టాడు. డాక్టరమ్మ వద్దన్న సంగతి ఆమె ఎత్తితే, కొన్నాళ్లు ఓపిక పట్టమన్నాడు. శిరీష ఆ మాత్రలను కారు కిటికీలోంచి పక్కనున్న చెత్తడబ్బాలో పడేసి, ఇక విడిగా పడుకుందామంది. హేమంత్‌కు నిజంగానే తలనొప్పి పట్టుకుంది.

అతన్ని తిట్టుకుంటూ ఇంతదాకా చదివిన మగ పాఠకులకు కృతజ్ఞతలు. మీకూ తల నొప్పిగానే ఉండి ఉంటుంది. వంటింట్లోకి ఓ కేక వేయండి, కాఫీ వస్తుంది.