ముసలోడికి అర్థింగ్

ఆ రోజు పొద్దున్నే భానుప్రసాద్ వేసుకున్న పథకం చాలా చిన్నది. మధ్యాహ్నంలోపు మద్దేడ్‌లోని తన పిండిమిల్లుకు ఎర్త్ వేయించాలి. ఆ తర్వాత ఇంద్రాణి దీదీ వస్తే నవ్వుతూ నిలబడాలి.

ఇంద్రాణి ఆ చుట్టుపక్కల ఆడవాళ్ళ సమూహ్‌కు, అంటే సంఘానికి, పెద్ద. వాళ్ళు పండించిన పసుపూ మిరపా ఈ ఏడు ఎక్కడ పట్టించాలో ఆమె నోటి మాటతో తేలుతుంది. ఆ పని దక్కితే భానుప్రసాద్ మిల్లు నిలుస్తుంది. దక్కకపోతే షెడ్డు రేకులు ఊడదీసి అమ్ముకోవడమే.

చిక్కల్లా మిషన్‌తో వచ్చింది. అది అతని తండ్రి ముసలయ్య కుర్రతనంలో కొన్నది. వయసును బట్టి ఇంట్లో అందరూ దాన్ని "ముసలోడు" అనే పిలుస్తారు. ఈ మధ్య ముసలోడి ఒంట్లోకి కరెంటు ఊరుతోంది. మొన్న ఒకావిడ పిండి కోసం వంగి, ఇనుప తొట్టి మీద చెయ్యి వేసి, కెవ్వున ఎగిరి, పిండి అక్కడే వదిలేసి ఇల్లు చేరింది. "మద్దేడ్ మిల్లు కరుస్తదంట" అన్న మాట సంతదాకా పాకింది. నిజానికి కరెంటుకు ఎవరి మీదా కక్ష లేదు. దానికి నేలలోకి దిగే దారి కావాలి. తీగ చూపిస్తే తీగలోంచి పోతుంది, చూపకపోతే మనిషిలోంచి పోతుంది. మనిషి కూడా మంచి తీగే అని మనిషికే చివరికి తెలుస్తుంది.

కమలేష్ అనే కరెంటు మిస్త్రీ జగదల్‌పూర్ నుంచి తొలి బస్సుకే దిగాడు. అతనికి తెలుగు రాదు, నోట్లో గుట్కా లేకుండా ఉండడం అసలే రాదు. టెస్టర్ పెట్టి చూసి, మెయిన్ ఆపేసి, పెరట్లోకి వచ్చి గట్టిగా చెప్పాడు.

"బుడ్ఢే కీ అర్థీ... ఆజ్ హీ కర్నీ పడేగీ!"

మిషన్ పేరు భానుప్రసాద్ అతనికి హిందీలో చెప్పి ఉన్నాడు; ముసలోడికి అర్థింగ్, అంటే ఎర్త్, ఇవాళే చేయాలని అతని భావం. అర్థింగ్‌లోని చివరి ముక్క మాత్రం గుట్కాతో పాటు దవడలోనే ఉండిపోయింది.

గోడ అవతల వెంకమ్మ అంట్లు తోముతోంది. కొన్నాళ్ళు దోర్నపాల్‌లో కాపురం చేసి వచ్చింది కాబట్టి ఆ వాడలో హిందీకి తానే దిక్కని ఆమె నమ్మకం. బుడ్ఢా అంటే ముసలాయన. అర్థీ అంటే పాడె. ఇందులో తెలియనిదేముంది? చేతిలో గిన్నె జారిపోయింది. గోడ మీదికి తల పెట్టి అడిగింది.

"భానూ, ముసలోడికి ఎట్లున్నది బిడ్డా?"

"ఏం చెప్పాలె అత్తా, నిన్నటి సంది ఒకటే వణుకుడు, మూలుగుడు."

"ఇంక పానమున్నదా?"

"పానం తీసేసినం. ఉంటే ముట్టుకున్నోళ్ళను కొడుతున్నడు."

వెంకమ్మ గుండె మీద చెయ్యి వేసుకుంది. "తీసేసిండ్రా! ఆ మిస్త్రీ అర్థీ అంటున్నడు, నిజమేనా?"

"అవునత్తా, చెయ్యక తప్పదు. ఎనక గుంట తవ్విస్తున్న. దీదీ వచ్చేలోపు అయిపోవాలె, లేకుంటే నా బతుకు ఆగమే."

తండ్రి పోయిన గంటలోనే గుంటకు తొందరపడే కొడుకుని వెంకమ్మ తన జన్మలో చూడలేదు. అయినా ఆపదలో ఉన్నవాడిని తిట్టకూడదని, కొంగు నోట్లో కుక్కుకుని వాడలోకి పరుగెత్తింది.

ఆమె మాటను ఎవరైనా శంకించేవారేమో గానీ, అదే సమయంలో భానుప్రసాద్ భార్య దుర్గాభవాని దుకాణంలో ఉంది. ఉప్పు బస్తా, బొగ్గు బస్తా అడిగింది.

"గింత ఉప్పేందమ్మా?" అన్నాడు దుకాణదారు.

"మా ముసలోనికి. బొగ్గు ఒక వరస, ఉప్పు ఒక వరస వేసి పూడ్చాలంట," అంది ఆమె చిల్లర లెక్క చూసుకుంటూ. కోడలి కంట చుక్క నీరు లేదన్న సంగతి ఆమెకంటే ముందు వాడ చేరింది.

ముసలయ్య ఎక్కడున్నాడని ఎవరూ అడగలేదు. పోయినవాడు ఎక్కడుంటాడని అడుగుతారా? ఆయన మాత్రం తెల్లవారకముందే ఇప్పపూలు ఏరడానికి అడవికి పోయి, నిండిన గంపతో తిరిగి వస్తున్నాడు. దారిలో వాగు అవతలి గూడెంవాడు, మంగల్ అనే అతను, వెదురుబొంగులు మోస్తూ కనిపించాడు. వాళ్ళిద్దరికీ ముఖపరిచయం లేదు.

"ఎవరికయ్యా బొంగులు?"

"ముసలయ్య పోయిండంట. మిల్లు కాడికి తెమ్మన్నరు."

ఊళ్ళో ఇంకో ముసలయ్య ఉన్నాడు, తాటిచెట్లెక్కేవాడు, ఏడాదిగా దగ్గుతున్నాడు. "పాపం, దగ్గుతోటే పోయిండు," అని ముసలయ్య కళ్ళు తుడుచుకున్నాడు. ఎండగా ఉందని తన కొడుకు షెడ్డు నీడ ఇచ్చి ఉంటాడనుకుని, కొడుకు మంచితనానికి లోలోపల మురిసిపోయాడు. గంప నెత్తిన సర్దుకుని, బొంగుల రెండో కొన తన భుజానికెత్తుకున్నాడు. "గింత సన్నటి బొంగులేంది? మనిషిని మోసేటివేనా ఇవి?" అని దారంతా సణిగాడు.

ఇక్కడ పెరట్లో పని ఒకచోట ఆగిపోయింది. గుంటలో రాగి పలక దించారు, బొగ్గూ ఉప్పూ వేశారు. ఇక నీళ్ళు పోయాలి. తడి లేకపోతే ఎండిన నేల కరెంటును లోపలికి రానివ్వదు. బోరు మోటారు వేద్దామంటే కరెంటు లేదు, కరెంటు పెడదామంటే ఎర్త్ కాలేదు. ఎండాకాలం బావిలో బురదే మిగిలింది. భానుప్రసాద్ బొగ్గు పూసుకున్న ముఖంతో గుంట గట్టున తల పట్టుకుని కూర్చున్నాడు.

అప్పుడే వాడంతా పెరట్లోకి దిగింది. చావు ఇంటికి, శవస్నానానికని, ఇంటికో బిందె నీళ్ళు తీసుకుపోవడం అక్కడి ఆనవాయితీ. బిందెలతో వచ్చిన ఆడవాళ్ళు గుంట చుట్టూ చేరి ఒక్కసారిగా శోకాలు ఎత్తుకున్నారు.

"ఎవరు పోయిండ్రు?" అని భానుప్రసాద్ అదిరిపడి లేచాడు.

"బాధకు మతి చెడింది," అని వెంకమ్మ పక్కావిడకు చెప్పింది.

సరిగ్గా అప్పుడు ఇంద్రాణి వచ్చింది. ఏడ్పులూ, గుంటా, నల్లటి ముఖంతో కొడుకూ... ఆమె చేతులు జోడించింది.

"ఇసొంటి రోజు పని మాట ఎందుకు భయ్యా? నువ్వు కార్యం చూసుకో. పసుపు భోపాలపట్నం మిల్లుకు పంపుకుంటం."

"దీదీ, ఆగు! కార్యమేంది? మా ఇంట్ల ఎవరూ పోలే!" అని అతను అరిచాడు. ఎవరూ నమ్మలేదు. అంత దుఃఖంలో ఉన్నవాడు ఇంకెలా అంటాడు? ఇంద్రాణి వెనక్కి తిరిగింది. భానుప్రసాద్‌కు నిజంగానే ఏడుపు వచ్చింది. ఇప్పటికైనా ఏడ్చాడని జనం సంతోషించారు.

పక్క సందులోంచి బొంగులు ముందుగా వచ్చాయి, వాటి వెనకాల ముసలయ్య వచ్చాడు. బొంగులు దించి, గంప దించి, తలగుడ్డ తీసి, గొంతు తగ్గించి అడిగాడు.

"శవానికి స్నానం చేపించిండ్రా?"

మొదట వెంకమ్మ చేతిలోని బిందె పడింది. "అమ్మో, ముసలయ్యా!" అన్న కేకతో మిగతా బిందెలన్నీ పడ్డాయి. పెరడు గుంటవైపే వాలు. నీళ్ళన్నీ ఉరికి గుంటలో దిగి, ఉప్పులో, బొగ్గులో ఇంకిపోయాయి. జనం గోడలు దూకుతుంటే, కావలసిన నీళ్ళు దొరికాయని కమలేష్ ఒక్కడే సంబరంగా చప్పట్లు కొట్టాడు.

"బస్, బస్! పానీ హీ తో చాహియే థా!"

దూకినవాళ్ళు తిరిగొచ్చి, అర్థీ అన్నది మిషన్ ఎర్త్ మాటని అందరికీ తెలిసేసరికి కమలేష్ తీగ బిగించి, మెయిన్ వేసి, తొట్టికి టెస్టర్ ఆనించాడు. టెస్టర్ వెలగలేదు. ముసలోడు గురగురమని తిరగసాగాడు. ఇంద్రాణి గుమ్మం దగ్గరే ఆగి, మిషన్‌కేసి అనుమానంగా చూసింది.

"ముందు ఎవరన్న ముట్టుకోండి."

ఎవరూ కదల్లేదు. ముసలయ్య ముందుకొచ్చాడు.

"నేను పొద్దుగాల్నే పోయిన గదా బిడ్డా, నాకింక షాకేంది?" అని అరచెయ్యి తొట్టి మీద ఆనించి, నింపాదిగా బీడీ అడిగాడు.

ఇంద్రాణి కూడా చెయ్యి వేసింది. కాసేపు అలాగే ఉంచి, "రేపు పసుపు దింపుతం," అంది.

పసుపు దిగింది, మిల్లు నిలిచింది. వెంకమ్మ హిందీ మాత్రం వాడలో మళ్ళీ వినపడలేదు. ఆ గుంట ఎండకూడదని కమలేష్ చెప్పిపోయాడు కనుక, రోజూ పొద్దున్నే ముసలయ్య చెంబు పట్టుకుని ఆ మట్టిదిబ్బ మీద నీళ్ళు పోస్తుంటాడు. దారిన పోయేవాళ్ళు అది చూసి, ఆగి, చేతులు జోడించి, "ఎవరిది తాతా?" అని అడుగుతారు.

"నాదే," అంటాడు.